జమీందారు నోట్లో చుట్ట

మా నాటకాల్లో జమీందారు నోట్లో పెడితే అది సిగార్, పాలేరు నోట్లో పెడితే చుట్ట. ఈ నియమం ఎవరు పెట్టారో తెలియదు. నేను గుమాస్తా వేషాలు వేయడం మొదలుపెట్టిన నాటికే ఉంది. ఫ్యాక్టరీ యజమానికి, లండన్‌లో చదివొచ్చిన డాక్టరుకు, కొడుకు ప్రేమకు అడ్డుపడే కోటీశ్వరుడికి సిగార్. ఊరి పెద్దకు, బండి తోలేవాడికి, మధ్యలో వచ్చి నవ్వించి పోయే తాతకు చుట్ట. దర్శకుడు "కురుమయ్యా, రెండు సిగార్లు, ఒక చుట్ట" అని కేకేస్తే మూడూ ఒకే రేకు డబ్బాలోంచి వచ్చేవి. మూడింటినీ చుట్టింది ఒకే చెయ్యి. ఆ చెయ్యి ఎవరిదో తెలిసినవాడు కురుమయ్య ఒక్కడే. ఆ సంగతి ఎక్కడ బయటపడుతుందోనని ఏళ్ళ తరబడి సిగ్గుతో చితికిపోయాడు పాపం. పాపం అంటున్నాను గానీ, అతని మీద నాకు కోపం కూడా తక్కువేం లేదు.

చిక్కడపల్లిలో మేము నాటకాలు వేసే హాలుకు కురుమయ్య మొదట సున్నం వేయడానికి వచ్చాడు. పాలమూరు నుంచి మేస్త్రీ వెంట దిగిన కూలీల్లో ఒకడు. ఆ సాయంత్రం నాటకం చివర్లో తెర సగానికి దిగి ఇరుక్కుపోయింది. అప్పుడే చచ్చిపోయిన కథానాయకుడు లేవలేక, పడుకోలేక, ఒక కన్ను తెరిచి తెర వంక చూస్తున్నాడు. జనం ఈలలు. గోడవారన నిలబడి నాటకం చూస్తున్న కురుమయ్య చెప్పులు విప్పి, నిచ్చెన వేసుకుని పైకెక్కి తాడు విడిపించాడు. ఆనాటి చప్పట్లన్నీ అతనికే పడ్డాయి. ఆ చప్పట్లే అతన్ని చెడగొట్టాయని నా అనుమానం. మర్నాడు సున్నం బకెట్ వదిలేసి తాడు పట్టుకున్నవాడు మళ్ళీ దాన్ని వదల్లేదు.

తెర లాగడం, కుర్చీలు మార్చడం, కత్తులూ కళ్ళజోళ్ళూ పాత టెలిఫోన్లూ బీరువాలో భద్రం చేయడం అతని పని. ఏ సామాను అడిగినా లేదనే మాట అతని నోట రాదు. మనిషి కూడా మారాడు. తలకు నూనె, ఇస్త్రీ చొక్కా, మాటకు ముందొక సార్, వెనకొక సార్. ఊళ్ళో అందరిలాగే కాల్చే చుట్టను మానేశాడు. మానడం మంచిదే, డాక్టర్లు మొత్తుకునేదీ అదే. "కళాకారుల నడుమ తిరుగుతున్న గదన్నా, సుట్ట తాగితే ఏం బాగుంటది" అనేవాడు నాతో. ఊపిరితిత్తుల ఊసు అందులో ఎక్కడా లేదు.

భార్య పెంటమ్మ మానలేదు. ముందు పుట్టిన పిల్లలు దక్కక, ఈ పిల్లయినా బతకాలని పెంట మీద పడుకోబెట్టి తీసుకుని ఆమెకు ఆ పేరు పెట్టారు. పాలమూరు వైపు వాడకొక పెంటమ్మ ఉంటుంది, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. కురుమయ్య మాత్రం హాలులో ఆ పేరు ఏనాడూ పలకలేదు. అశోక్‌నగర్‌లో ఇప్పుడు లిఫ్టులతో నిలబడ్డ అపార్ట్‌మెంట్లు చాలావాటికి ఇటుకలు ఆమె నెత్తి మీదనే పైకెక్కాయి. మోకాళ్ళు అరిగాక పని మానుకుంది. అంబర్‌పేట్‌లో వాళ్ళ కిరాయి గది గుమ్మంలో కూర్చుని సాయంత్రం పూట చుట్ట ముట్టించేది. సగం కాల్చి ఆర్పి, మిగిలిన ముక్క చెవి మీద పెట్టుకునేది. కూతురు నర్మద పెళ్ళయి పాలమూరులోనే ఉంది, వచ్చినప్పుడల్లా తల్లికి పొగాకు కట్ట తెచ్చేది. పెంటమ్మ భర్తను "నర్మద నాయినా" అని పిలిచేది. ఆ పిలుపు బస్తీ చివరిదాకా వినపడేది.

ఆమె చుట్ట చుట్టేటప్పుడు చూడాలి. ఆకు ఈనె తీసి, బెల్లం నీళ్ళు చిలకరించి, తడిగుడ్డ కింద కాసేపు ఉంచేది. మెత్తబడ్డాక పీట మీద వేసి అరచేత్తో దొర్లించి, ఆఖరి అంచును నాలుకతో తడిపి అంటించేది. గంజి పెట్టి అంటించమని కురుమయ్య ఎంత బతిమాలినా వినలేదు. "గంజి పెడితే ఊడుతది, ఉమ్మి పెడితే ఊడది" అనేది. ఆమె చుట్టినవాటిలో నున్నగా కుదిరినవి ఏరి, కురుమయ్య రెండు కొసలూ బ్లేడుతో కోసి, మిఠాయి డబ్బా మీది బంగారు కాగితం సన్నగా కత్తిరించి నడుముకు చుడితే సిగార్ తయారు. చుట్టకు ఆ కాగితం ఉండదు, అంతే తేడా.

మా నాటక సమాజానికి అధ్యక్షుడు, అన్ని నాటకాల్లో జమీందారు, జగన్మోహన్ గారు. కరెంటు ఆఫీసులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరయ్యారు, ఇల్లు నారాయణగూడ. ఆయన సిగార్ ముట్టించి, ఆ పొగలోంచి పాలేరు వంక ఒక్క చూపు చూస్తే హాలంతా నిశ్శబ్దమైపోయేది. "ఎక్కడ పట్టుకొస్తవయ్యా ఇవి? పెదవికి తియ్యగ తగులుతయి" అని అడిగితే కురుమయ్య తల వంచుకుని, "సుల్తాన్ బజార్ల ఒక పాత దుకాణం ఉంది సార్. అందరికియ్యరు, మనకే ఇస్తరు" అనేవాడు. తీపి బెల్లం నీళ్ళదే కావచ్చు. కానీ నాలుకతో తడిపిన ఆ అంచు గుర్తొచ్చినప్పుడల్లా కురుమయ్యకు వీపు మీద చెమట కారేది. జగన్మోహన్ గారు ఒకసారి సుల్తాన్ బజార్ అంతా గాలించి, ఆ దుకాణం దొరక్క, రెండు దుప్పట్లు కొనుక్కుని ఇంటికొచ్చారు.

ఇది ఒక అబద్ధం. రెండోది దీనికంటే పెద్దది.

ఒకనాడు హాలు వెనక రోడ్డు తవ్వుతున్న కూలీల్లో ఒకామె గట్టు మీద కూర్చుని చుట్ట కాలుస్తోంది. మావాళ్ళు కిటికీ దగ్గర గుమికూడారు. "ఆడమనిషి చుట్ట తాగుడేంది, చూడున్రి, చూడున్రి" అన్నారొకరు. ఇంకొకరు ఫోన్‌లో ఫోటో తీశారు. నవ్వులు. ఆ నవ్వుల మధ్య ఎవరో మాటవరసకు "కురుమయ్యా, మీ ఇంటామె ఏం చేస్తది?" అని అడిగారు. "ఊర్లనే ఉంటది సార్, పొలం చూసుకుంటది" అన్నాడు కురుమయ్య. పొలం లేదు. ఊళ్ళో ఇల్లు కూడా లేదు. అబద్ధం అంత తేలిగ్గా నోట్లోంచి వచ్చినందుకు అతనికే ఆశ్చర్యం వేసిందట. తర్వాత దాన్ని మోయడమే కష్టమైంది. పండక్కి ఇంటామె వచ్చిందా అంటే కోతల పని అనాలి. ఒకసారి తీసుకురావయ్యా అంటే ఒంట్లో బాగుండలేదనాలి. అట్లా ఆ లేని పొలంలో పని చేసీ చేసీ చివరికి పెంటమ్మ మంచం పట్టింది.

కిందటేడు సమాజం వార్షికోత్సవానికి కురుమయ్యకు సన్మానం చేయాలని అందరూ అనుకున్నారు. మన దగ్గర సన్మానం ఒక్కడికి చేస్తే తృప్తి ఉండదు. రెండు కుర్చీలు వేసి దంపతులను కూర్చోబెట్టి, ఆయనకు శాలువా, ఆమెకు చీరా పసుపు కుంకుమా ఇస్తేనే అది సన్మానం. జగన్మోహన్ గారి అమ్మాయి రచన సభల్లో మైకు పట్టుకుంటుంది. ఆమె ఫోన్ చేసి, "అంకుల్, ఆంటీని ఊరి నుంచి పిలిపియ్యండి. కావాలంటే మేం కారు పంపిస్తం" అంది. కురుమయ్య గుమ్మంలో ఉన్న పెంటమ్మ వైపు చూసి, గొంతు తగ్గించి, "లేవలేదమ్మా. మంచంలనే ఉంది" అన్నాడు.

పెంటమ్మకు అసలు సన్మానం సంగతే చెప్పలేదు. నాటకం ఉంది, వచ్చేసరికి పొద్దుపోతుందన్నాడు. ఆ రోజు కొత్త చొక్కా తొడుక్కుని, అద్దం ముందు జుట్టు మళ్ళీ మళ్ళీ దువ్వుకుని, గూట్లో పెట్టిన సిగార్ల పొట్లం మరిచిపోయి వెళ్ళిపోయాడు. సన్మానం తర్వాత జమీందారు నాటకంలోంచి ఒక ఘట్టం వేయాలి. సామాను మరిచిపోవడం అతని జన్మలో అదే మొదలు.

పక్కింటి నగేష్ ఆటో తోలుతాడు. మధ్యాహ్నం అన్నానికి వచ్చి, "పెద్దమ్మా, చిక్కడపల్లిల హాలు గేటుకు మామ ఫోటో పెట్టిన్రు, ఇంత పెద్దది. ఇయ్యాల శాలువ కప్పుతరంట, నువ్వు పోలేదా?" అన్నాడు. పెంటమ్మ లేచి లోపలికి పోయిందట. గూట్లో పొట్లం చూసింది. ముఖానికి పసుపు రాసుకుని, నర్మద పెట్టిన ఆకుపచ్చ చీర కట్టుకుని, పొట్లం కొంగున ముడేసుకుని నగేష్ ఆటో ఎక్కింది. "నా మోకాళ్ళ నొప్పులని చెప్పకుంట పోయిండు. చెప్తే వస్తనంట గద, పరేషాన్ అయితనని" అని దారి పొడుగునా మొగుణ్ణి వెనకేసుకొచ్చిందట. ఈ మాట నగేష్ నాకు చెప్పినప్పుడు నేను తల ఎత్తలేకపోయాను. తప్పు చేసింది నేను కాదు, అయినా ఎత్తలేకపోయాను.

హాలు మెట్ల దగ్గర దిగింది. లోపలికి పోవాలంటే బెరుకు. గేటు దగ్గర కుర్రాళ్ళతో "కురుమయ్యను జర పిలువున్రి" అని చెప్పి మెట్టు మీద కూర్చుంది. వాళ్ళు పూలదండల హడావుడిలో ఉన్నారు. ఎంతకీ ఎవరూ రాలేదు. మోకాళ్ళు లాగుతుంటే చెవి మీది ముక్క తీసి ముట్టించుకుంది.

జగన్మోహన్ గారు అప్పటికే జమీందారు వేషంలో ఉన్నారు. పట్టు లాల్చీ, చేతికర్ర, సగం అంటించిన మీసం. ముఖ్య అతిథి కారు వచ్చిందేమోనని బయటికొచ్చి ఆమెను చూశారు.

"ఎవరమ్మా నువ్వు? ఇదేమన్న బస్టాండ్ అనుకున్నవా? చుట్ట వాసన లోపలిదాక కొడుతుంది. లేవు, లేవు."

"కురుమయ్య కోసం వచ్చిన సార్."

"కురుమయ్యా! ఈమె ఎవరో జర చూడు, నిన్నే అడుగుతుంది."

కురుమయ్య బయటికొచ్చాడు. నేను కూడా అతని వెనకే, గుమాస్తా కోటు గుండీలు పెట్టుకుంటూ వచ్చాను. మెట్ల మీద ఆకుపచ్చ చీరలో, అప్పటిదాకా నేనెన్నడూ చూడని ఒక ముసలామె, చేతిలో పొగ వస్తున్న చుట్ట. అతన్ని చూసి నవ్వింది, ఏదో పిలవబోయింది. చుట్టూ మావాళ్ళు నలుగురు చేరారు. ఒకాయన ముక్కుకు చేతిరుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

"తెల్వదు సార్" అన్నాడు కురుమయ్య. "బస్తీల నుంచి ఎవరో వచ్చినట్టుంది. నేను పంపిస్త, మీరు లోపలికి నడువున్రి."

నవ్వు ఆమె ముఖం మీద కాసేపు అట్లాగే ఉండిపోయింది. తర్వాత చుట్టను మెట్టుకు రుద్ది ఆర్పి, చెవి మీద పెట్టుకుంది. మోకాలు పట్టుకుని మెల్లగా లేచింది. కొంగు ముడి విప్పి పొట్లం తీసి అతని ముందుకు చాపింది.

"అన్నా, ఈ సామాను నీదేనట. గేటు కాడ ఎవరో ఇయ్యమన్నరు. తీసుకో."

హైదరాబాద్‌లో అన్న అనే మాట గాలిలో తిరుగుతుంటుంది. ఆటో ఆయన అన్నే, కూరగాయలాయన అన్నే, చిల్లర లేదన్న కండక్టరూ అన్నే. అందుకే ఆ పూట నాకేమీ అనిపించలేదు. ఎవరో ముసలామె, ఏదో పొట్లం ఇచ్చి పోయింది. తాళి కట్టినవాణ్ణి ఒక ఆడమనిషి నలుగురిలో అన్నా అని పిలిచిందని, అతని అబద్ధం నిలబెట్టడానికే పిలిచిందని నాకు ఎట్లా తెలుస్తుంది? కురుమయ్య మాత్రం పొట్లం పట్టుకుని కట్టెలా నిలబడిపోయాడు. "ఏందయ్యా, దయ్యాన్ని చూసినట్టు చూస్తున్నవు? శాలువకు టైమైంది, రా" అని నేనే అతని భుజం తట్టి లోపలికి లాక్కుపోయాను.

వేదిక మీద రెండు కుర్చీలు వేశారు. ఒకదాంట్లో కురుమయ్య, రెండోది ఖాళీ. ఖాళీ కుర్చీలో చీర, పసుపు, కుంకుమ ఉన్న పళ్ళెం పెట్టారు. జగన్మోహన్ గారు మైకు తీసుకుని, "తెర వెనుక నిలబడి మనందరినీ నిలబెట్టిన మనిషి కురుమయ్య. ఆయన శ్రీమతిగారు పాపం ఊళ్ళో మంచంలో ఉన్నారు. ఆ తల్లికి ఇక్కడి నుంచే నమస్కారం" అని ఆ కుర్చీకి చేతులు జోడించారు. సభ చప్పట్లు కొట్టింది. చోటు చాలనివాళ్ళు వినడానికి ఆవరణలో కూడా స్పీకర్ పెట్టారు. నగేష్ ఆటో ఇంకా గేటు దగ్గరే ఉంది.

తర్వాత ఘట్టం. పొగతాగడం ఆరోగ్యానికి హానికరమని రచన ముందుగా ప్రకటించింది. జగన్మోహన్ గారు బంగారు కాగితం చుట్టిన సిగార్ పెదవుల మధ్య పెట్టుకుని, ముట్టించి, పొగ వదిలారు. దీపాల వెలుగులో పొగ మెల్లగా పైకి లేచింది. ముందు వరుసలో ఎవరో "వాహ్" అన్నారు. ఆ వాసన తెర తాడు దగ్గరికి వచ్చింది. అది తన ఇంటి గుమ్మంలో రోజూ వచ్చే వాసనేనని, దాన్ని మెట్ల మీద నుంచి లేపి పంపించి, వేదిక మీద చప్పట్లు కొట్టించుకుంటున్నామని అప్పుడు తట్టిందట కురుమయ్యకు. తెర వేయాల్సిన చోట వేయలేదు. జమీందారు చివరి చూపు అట్లాగే పట్టుకుని, పట్టుకుని, దగ్గొచ్చి, కళ్ళలో నీళ్ళు తిరిగి, "తెర, తెర" అని పళ్ళ మధ్య నుంచి అరిచారు. జనం నవ్వారు.

ఇంటికి వెళ్ళేసరికి పెంటమ్మ అన్నం వండి పెట్టి ఉంది. పళ్ళెం అతని ముందు జరిపింది. కురుమయ్య శాలువా మడిచి పక్కన పెట్టి, చీర ఆమె ముందు ఉంచాడు.

"ఎవరికి?" అంది.

"నీకే ఇచ్చిన్రు."

"ఊర్ల మంచంల ఉన్నదానికి గద ఇచ్చింది. ఊరికి పంపు."

అంతకంటే ఒక్క మాట అనలేదు. తిట్టలేదు, ఏడవలేదు, అలిగి కూతురి దగ్గరికి పోలేదు. మర్నాడు ఎప్పటిలా ఆకు తడిపింది, చుట్టలు చుట్టింది, నున్నగా కుదిరినవి ఏరి గూట్లో పెట్టింది. మారింది ఒక్కటే. అతన్ని పిలవడం మానేసింది. అన్నం వేళకు పళ్ళెం చప్పుడు చేసేది. ఫోన్ వస్తే తెచ్చి చేతికిచ్చేది. "నర్మద నాయినా" అన్న పిలుపు ఆ ఇంట్లో లేకుండా పోయింది. బస్తీలో వాళ్ళు కూడా గమనించి, పెంటమ్మకు గొంతు బాగుండలేదా అని అడిగారట.

ఇదంతా కురుమయ్య నాకు నారాయణగూడ చౌరస్తా దగ్గర ఇరానీ హోటల్లో చెప్పాడు. చాయ్ చల్లారిపోయింది. సాసర్లో పోసుకుని మళ్ళీ కప్పులో పోసుకుంటున్నాడు, తాగడం లేదు.

"తిడితే మంచిగుండు అన్నా. పిలుస్తలేదు. నేను ఇంట్ల ఉన్ననో లేనో నాకే తెలుస్తలేదు."

"ఎట్ల పిలుస్తదయ్యా? ఏమని పిలుస్తది?" అన్నాను. నాకు ఒళ్ళు మండిపోయింది. "అంత సిగ్గయితే ఆ చుట్టలు ఎందుకు తెచ్చినవు మరి? జగన్మోహన్ గారి నోట్లో ఎందుకు పెట్టినవు?"

అతను కప్పూ సాసరూ పక్కకు జరిపాడు.

"మొదటి సుట్ట నేనే ముట్టిచ్చిన అన్నా" అన్నాడు. "నర్మద చంటిపిల్ల. అశోక్‌నగర్‌ల బిల్డింగు పని. నా పెండ్లానికి పన్ను నొప్పి లేసి దవడ ఇంత వాచింది. పని ఆపితే మేస్త్రీ వేరేటోళ్ళను పెట్టుకుంటడు. సుట్ట పొగకు నొప్పి తగ్గుతదని మావోళ్ళు అంటరు. నాకొద్దు, సిగ్గయితదని మొత్తుకుంది. ఇసుక కుప్ప చాటుకు తీసుకపోయి నా నోట్ల సుట్ట దాని నోట్ల పెట్టి, పుల్ల గీసి పట్టుకున్న. దగ్గింది, ఏడ్చింది, నవ్వింది. ఆ సుట్టనే అన్నా. దాన్నే తెల్వదంటి."

నేను కళ్ళు తుడుచుకుని, అది దాచుకోవడానికి ఇంకో రెండు చాయ్‌లు చెప్పాను. "పోయి జగన్మోహన్ గారికి చెప్పు. నాకు చెప్పినట్టే చెప్పు" అన్నాను.

మా రిహార్సల్స్ అశోక్‌నగర్‌లో, ఒక కోచింగ్ సెంటర్ మీది రేకుల గదిలో జరుగుతాయి. కింద పిల్లలు ఉద్యోగాల పరీక్షలకు చదువుతుంటే పైన మేం ప్రాణాలు విడుస్తుంటాం. ఆ ఆదివారం జగన్మోహన్ గారు అలవాటుగా చెయ్యి చాపి "సిగార్" అన్నారు. కురుమయ్య ఇచ్చాడు. ఇచ్చి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అది సిగార్ కాదు సార్. సుట్ట. సుల్తాన్ బజార్ల దుకాణం లేదు. మా ఇంటామె చుడుతది."

"ఊర్ల ఉన్నామెనా?"

"ఊర్ల ఎవ్వరు లేరు సార్. అంబర్‌పేట్‌ల ఉంటది. ఆనాడు మెట్ల మీద మీరు లేపిన్రు చూడున్రి, ఆమెనే."

జగన్మోహన్ గారు ముందు నవ్వారు. తర్వాత చేతిలోని సిగార్ వైపు చూశారు. దాని అంచు మీద బొటనవేలు పెట్టి, "ఇది దేంతోని అంటిస్తదయ్యా?" అని అడిగారు. కురుమయ్య చెప్పాడు. ఆయన చెయ్యి తనకు తెలియకుండానే పెదవుల మీదికి పోయింది, తుడుచుకుంది. ఆ తుడుచుకోవడం కురుమయ్య చూశాడు, నేను చూశాను, రచన కూడా చూసింది.

"నాన్నా!" అంది రచన.

ఆయన చెయ్యి దించుకున్నారు. ముఖం నల్లబడింది. "వాసన కొడుతుందని లేపింది నేను. ఆ వాసనకే చప్పట్లు కొట్టించుకుంది కూడా నేనే" అని గొణిగి, కండువా భుజాన వేసుకున్నారు. "నడువయ్యా, మీ ఇంటికి పోదాం."

నలుగురం కారులో వెళ్ళాం. అంబర్‌పేట్ గల్లీ మొదట్లో కారు ఆపి నడిచాం. సాయంత్రం నల్లా వచ్చే వేళ, బిందెలతో ఆడవాళ్ళంతా బయటే ఉన్నారు. గుమ్మంలో పెంటమ్మ కూర్చుని ఉంది. నోట్లో చుట్ట పెట్టుకుంది, ఇంకా ముట్టించలేదు, అగ్గిపెట్టె పక్కన ఉంది. కురుమయ్య మా వెనక నక్కి నడుస్తున్నాడు.

జగన్మోహన్ గారు చేతులు జోడించారు. "నమస్కారమమ్మా. కురుమయ్య వాళ్ళ ఇంటామెవు నువ్వేనంట. ఆనాడు తెలువక…"

పెంటమ్మ చుట్ట నోట్లోంచి తీసింది. ఆయనను చూసింది, ఆయన వెనక మొగుణ్ణి చూసింది.

"నేను కాదు సార్. ఆయన పెండ్లాం ఊర్ల మంచంల ఉంది. మీరే గద మైకుల చెప్పిన్రు. నేనిక్కడ కిరాయికుంట."

బిందెలవాళ్ళలో ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు. అతన్ని కాపాడటానికి అందో, పొడవటానికి అందో నాకు ఇప్పటికీ తెలియదు. రెండింటికీ ఆమెకు హక్కుంది.

కురుమయ్య ముందుకొచ్చాడు. గల్లీ అంతా చూస్తోంది. మా హాలులో ఎన్నడూ పలకని పేరు అప్పుడు పలికాడు.

"ఈమెనే సార్ నా పెండ్లాం. పెంటమ్మ."

"పెంటమ్మనా?" అంది ఆమె. "తెల్వదు సార్. బస్తీల ఎవరో ఉన్నట్టుంది."

అతని మాట అతనికే ఇచ్చేసింది. జగన్మోహన్ గారు నేల చూపులు చూస్తున్నారు. రచన నా చెయ్యి పట్టుకుంది. ఇంక మేం వెళ్ళిపోతే మేలనిపించింది.

పెంటమ్మ మొహం తిప్పుకుని చుట్ట మళ్ళీ నోట్లో పెట్టుకుంది. కురుమయ్య గుమ్మం ముందు, ఆ నల్లా నీళ్ళ తడిలో, ఇస్త్రీ ప్యాంటుతోనే కింద కూర్చున్నాడు. అగ్గిపెట్టె తీసుకుని పుల్ల గీసి, రెండు చేతుల మధ్య పెట్టి ఆమె చుట్ట దగ్గర పట్టుకున్నాడు. ఇసుక కుప్ప చాటున ఒకప్పుడు పట్టుకున్నది ఇప్పుడు గల్లీ అందరి ముందూ పట్టుకున్నాడు.

ఆమె వంగలేదు. రోడ్డు వైపు చూస్తూ కూర్చుంది. మంట పుల్ల సగానికి వచ్చింది. కురుమయ్య కదల్లేదు. మంట వేళ్ళ దాకా వచ్చింది, గోటి దగ్గర నల్లబడుతోంది, అయినా వదల్లేదు. పెంటమ్మ ఓరగా చూసింది.

"నర్మద నాయినా! చెయ్యి కాలుతది, పారెయ్యి!"

ఆ కేక గల్లీ చివరిదాకా వినపడింది. కురుమయ్య పుల్ల పారేసి, ఇంకో పుల్ల తీశాడు.